అంకిస పెళ్లిలో లైవ్ టీవీ

పెళ్లికూతురు లావణ్యను చిన్నప్పటినుంచీ ఎత్తుకు పెంచిన నానమ్మ పోచవ్వ, పెళ్లికి పది రోజుల ముందు పొలం గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. పెళ్లి వాయిదా వేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. ఆమె మంచం దగ్గరి టీవీలోనే పెళ్లి లైవ్ చూపించాలని లావణ్య మేనమామ రాజన్న, మంచిర్యాలలో పెళ్లి వీడియోలు తీసే నాకు ఫోన్ చేశాడు. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా ఒక్క మనిషి కోసం లైవ్ పెట్టమని ఎవరూ అడగలేదు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

నేను, కెమెరా పట్టే సతీశ్ తెల్లవారుజామున బస్సెక్కి కాళేశ్వరంలో దిగాం. వేసవిలో గోదావరి సన్నబడింది కదా, ఇసుకలో సామాన్ల పెట్టెలు మోసేసరికి నడుములు పడిపోయాయి. పడవకు మనిషికి పది రూపాయలు, సామానుకు విడిగా ఇవ్వాలి. "డబ్బలు నడుమ వెట్టున్రి అన్నా, జర ఊగకుంట కూసోన్రి," అన్నాడు పడవాయన. అవతల సిరొంచలో జీపు మాట్లాడుకుని ఎండ ముదరకముందే అంకిస చేరాం.

పందిట్లో కెమెరా బొమ్మకు ఎఫెక్టులు కలిపే మిక్సర్, డీవీడీ రికార్డర్ సర్ది, పోచవ్వ గదిలోని టీవీకి వైరు లాగాం. బొమ్మ వచ్చింది కానీ నలుపు తెలుపులో. టీవీ సెట్టింగు ఎన్‌టీఎస్‌సీ అనే విదేశీ రంగుల పద్ధతి మీద ఉంది, మన కెమెరాలది పాల్ పద్ధతి. అది మార్చగానే రంగులు వచ్చాయి.

"ఇగ పసుపు పసుపులెక్కనే కనవడ్తున్నది," అని అవ్వ మురిసిపోయింది.

"రికార్డింగు కూడా చేస్తున్నాం అవ్వా, మళ్లీ చూసుకోవచ్చు," అన్నాను.

"రేపు సూసుడు గాదు బిడ్డా. అయితున్నప్పుడే సూడాలె, అప్పుడే అక్షింతలు ఎయ్యాలె," అంటూ గుప్పెట్లోని అక్షింతలు చూపించింది.

అంతా విని కూడా, లావణ్య పందిట్లోకి రాగానే నా వేలు అలవాటుగా ఎఫెక్టు బటన్ మీదికి పోయింది. తెర మీద తొమ్మిది మంది లావణ్యలు, చుట్టూ గులాబీలు! రాజన్న పరుగున వచ్చాడు. "అరే, ఏం జేసినవ్ అన్నా? తొమ్మిదిమందిల ఎవ్వల మీద ఎయ్యాలె అని అవ్వ లొల్లి వెడ్తున్నది!"

మిక్సర్ నుంచి వచ్చేదంతా టీవీకి పోతోందన్న సంగతే మరిచాను. అవతల పంతులుగారు జీలకర్ర బెల్లం అందిస్తున్నారు. సంచిలోంచి, ఒక వైరును రెండుగా చీల్చే రెండు పాయల పిన్ను తీసి, కెమెరా వైరును ఒక పాయ ఎఫెక్టుల రికార్డింగు కోసం మిక్సర్‌కు, ఒక పాయ ఉన్నదున్నట్టు కనబడేలా నేరుగా టీవీకి కలిపాను. బాజాలు మోగాయి. ఆ వెంటనే అవ్వ గదిలోంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. బొమ్మ సమయానికి అందిందని అర్థమైంది.

పెళ్లయ్యాక కొత్త దంపతులు దీవెన కోసం గదిలోకి వచ్చారు. రాజన్న అక్షింతల పళ్లెం అందించబోతే అవ్వ వద్దంది. "నేనెప్పుడో ఏసిన. అందరితోనే ఏసిన," అంటూ టీవీ వైపు చూపించింది. టీవీ నెత్తిన, ముందు బల్ల మీద పసుపు గింజలే. లావణ్య ఆ గింజలు ఏరి, సగం భర్త తల మీద, సగం తన తల మీద వేసుకుంది. అవ్వ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి.

నాకు ఇన్నాళ్లూ రికార్డింగే అసలు పని, లైవ్ ఒక ఆర్భాటం. తిరుగు పడవలో కూర్చున్నంతసేపూ ఆ పసుపు గింజలే కళ్లలో మెదిలాయి, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మీరూ ఇలాంటి లైవ్ పెట్టడానికి గోదావరి దాటితే రెండు పాయల పిన్ను మరవకండి. దాంతోపాటు ఒక తువ్వాలు కూడా పట్టుకెళ్లి టీవీ నెత్తిన కప్పండి. లేకపోతే వెనక గాలి సందుల్లోకి అక్షింతలు రాలతాయి.