గుడియాత్తంలో చుక్కల పాఠం

నేను వెళ్ళేసరికి సైన్సు సారు ఒక సంచి నిండా నల్లగుడ్డలు సిద్ధం చేసి ఉంచారు. ఎనిమిదో తరగతి పిల్లలందరికీ కళ్ళకు గంతలు కట్టి వరండాలో కాసేపు నడిపించాలని ఆయన ఆలోచన.

తమిళనాడులోని గుడియాత్తంలో ఆ తమిళ బడికి నన్ను పిలిచింది ఆయనే. నేను వేలూరులో ఒక సర్కారు బడిలో చరిత్ర చెబుతాను. పుట్టింది మాత్రం గుడియాత్తంలోనే, లుంగీలు నేసే ఇంట్లో. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. చూపు లేనివాళ్ళు ఎలా చదువుతారో పిల్లలకు నేర్పమని సారు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ఆ శనివారం పొద్దున్నే కర్ర పట్టుకుని బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చాను.

"ఈ గుడ్డలు ఎందుకు సార్?" అన్నాను, సంచి తడిమి చూసి.

"మీరు పడే కష్టం పిల్లోళ్ళకు కొంచెమన్నా తెలియల్ల గదమ్మా."

"రెండు నిమిషాలు కండ్లు కట్టుకుంటే వాళ్ళకు తెలిసేది నా కష్టం కాదు సార్, వాళ్ళ భయం. నాకు ముప్పై ఏండ్ల అలవాటు ఉండాది. దాన్ని గుడ్డతో ఎట్ల చూపిస్తారు? లోపల పెట్టేయండి."

ఆయన సంచిని బల్ల కిందికి నెట్టిన చప్పుడు వినబడింది. నొచ్చుకున్నారని తెలిసినా నేను తగ్గలేదు. చూపు పోయిన మొదటి నెలలో ఎవరైనా అడిగి ఉంటే, అంతా అయిపోయిందనే చెప్పేదాన్ని. గడప దాటాలంటే ఏడ్చేదాన్ని. ఆ ఒక్క నెలనూ పిల్లల చేతిలో పెట్టి, చూపు లేకపోవడమంటే ఇదే అని చెప్పడం అబద్ధమవుతుంది.

ముందు ఏం కావాలంటే అది అడగమన్నాను. ఒకరి మాట ఒకరికి వినబడనంతగా అడిగారు.

"మిస్, సాంబార్లో ఏం ముక్కలు ఉండాయో ఎట్ల తెలుస్తాది?"

"నోట్లో పెట్టుకుంటే తెలుస్తాది నాయనా. నీకు తెలియదా?"

అందరూ నవ్వారు. బస్సు నంబరు ఎలా తెలుస్తుందని ఒకరు అడిగితే, నోరుంది కదా, పక్కవాళ్ళను అడుగుతానన్నాను. ఆ సందడిలో రెండో వరసలోంచి ఎవరో చిన్నగా "పాపం" అన్నారు.

"పాపమన్నది ఎవరు? తిట్టను, చెప్పండి."

బెంచీ కదిలింది. ఒక అమ్మాయి లేచి నిలబడింది. "నేనే మిస్. మీరు మీ అమ్మ మొగం చూడలేరు గదా, అందుకని."

ఆ ప్రశ్నను నవ్వుతో దాటేయాలని నాకు అనిపించలేదు.

"ఆరేండ్లదాకా చూసినానమ్మా. ఆ మొగం ఇప్పుడు సరిగ్గా గుర్తు రాదు. అది నాకు బాధే, లేదని అబద్ధం చెప్పను. కానీ మా అమ్మ గడపలో కాలు పెడితే చాలు, కోపంగా వచ్చిందో, అలిసిపోయి వచ్చిందో అడుగుల్ని బట్టి చెప్పేస్తాను. బాధా ఉండాది, బతుకూ ఉండాది. రెండూ తెలుసుకో."

"సరి మిస్" అని కూర్చుంది.

అప్పుడు నా సంచి తీశాను. కోడిగుడ్ల అట్టలను ఒక్కో ముక్కలో ఆరు గుంటలు ఉండేలా కోసి తెచ్చాను. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు. వాటితోపాటు ఒక డబ్బా చింతగింజలు. బ్రెయిలీలో ఆరు చుక్కల్లాగే, ఏ గుంటల్లో గింజలున్నాయో దాన్నిబట్టి అక్షరం. ఎడమ పైగుంటలో ఒక్క గింజ ఉంటే అది అ. దానికి ఎడమ కిందిగుంటలో ఒకటి, కుడి పైగుంటలో ఒకటి చేరిస్తే మ. కుడి పైగుంటలో ఒక్కటే ఉంటే, తర్వాతి అక్షరం సగమే పలకాలని గుర్తు. నాలుగు అట్టలు వరసగా పెడితే అమ్మ అయింది. అడిగిన అక్షరాలు చెబుతూ పోతే, పది నిమిషాల్లో పిల్లలు గింజలతో వాళ్ళ పేర్లు రాయడానికి దిగారు. గింజలు చాలక కొట్టుకున్నారు కూడా.

అసలు చిక్కు కాగితం దగ్గర వచ్చింది. నేను పొడిచి తెచ్చిన చుక్కల కాగితాలు పంచి, వాటిని బల్ల కింద పెట్టుకుని, చూడకుండా వేళ్ళతో చదవమన్నాను. పాపమన్న అమ్మాయి ముందు చేతులెత్తేసింది.

"నాకేం తెలియలేదు మిస్. అంతా ఇసక మాదిరి ఉండాది."

దగ్గరికి వెళ్ళి ఆమె వేలిమీద వేలు పెట్టాను. వేలు వంగేంత బలంగా నొక్కుతోందని తెలిసింది.

"ఇంట్లో ఏం పని చేస్తావమ్మా?"

"మగ్గం కాడ పోగులు అతుకుతాను మిస్. మా అమ్మకు సాయంగా."

"కరెంటు పోతే?"

"చేత్తో తడిమి తెగింది యాడుందో చూస్తాను."

"అప్పుడు ఇంత గట్టిగా నొక్కుతావా?"

"అయ్యో, నొక్కితే పక్క పోగూ తెగిపోతాది మిస్!"

ఆ మాట అంటూనే వేలి నొక్కుడు తగ్గించింది. ఆమె వేలు కాగితం మీద తేలిగ్గా కదిలింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ కదిలింది.

"అ... మ్మ. మిస్, అమ్మ!"

మిగతా పిల్లలు ఆమె చుట్టూ మూగారు. ఎలా పట్టుకోవాలో ఆమే వాళ్ళకు చెప్పింది. సైన్సు సారు కూడా ఒక కాగితం తీసుకున్నారు. చాలాసేపు తడిమి, "నాకు రాలేదమ్మా. ఇంకోసారి చెప్పండి" అన్నారు. ఆ మాటలో నొచ్చుకోవడం ఏమీ లేదు. నేను ఆయన వేలు పట్టుకుని మొదటినుంచి చెప్పాను.

అంతలో ఆ అమ్మాయి అడిగింది, "మిస్, ఇది తమిళమా, తెలుగా?"

ఆ గదిలో సగం మంది ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు లిపి చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చిన్నప్పుడు నేనూ అంతే. వేలూరులో చూపు లేని పిల్లల హాస్టల్లో తమిళంలోనే చుక్కలు నేర్చుకున్నాను. తమిళం క-కూ తెలుగు క-కూ చుక్కలు ఒకటేనని, తమిళంలో లేని కొన్ని అక్షరాలు నేర్చుకుంటే చాలని అక్కడి లైబ్రరీలో పనిచేసే పెద్దాయన చెప్పి, ఒక తెలుగు వాచకం ఇచ్చారు. సెలవుల్లో ఇంటికి తెచ్చి, నాన్న మగ్గం పక్కన కూర్చుని ఒక కథ పైకి చదివాను. మగ్గం చప్పుడు ఆగింది.

"ఇది మన మాట గదమ్మా! పుస్తకంలో ఉండాదా?" అన్నాడు నాన్న.

"ఉండాది నాయనా."

"మా నాయనకు రాలేదు, నాకు రాలేదు. నువ్వు చదివినావే!" అని, మొదటినుంచి మళ్ళీ చదవమన్నాడు. ఆ రోజు నేత సాగలేదు. అంతకుముందు మా వీధిలో నన్ను చూసి నిట్టూర్చినవాళ్ళే, ఆ సెలవుల్లో సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని కథలు చదివించుకున్నారు.

ఇదంతా పిల్లలకు చెప్పి, తెలుగులో అదనంగా కావలసిన అక్షరాలు కూడా నేర్పాను. చుక్కలు పొడిచే పలక, పొడిచే సూది బడిలోనే వదిలి వచ్చాను.

నెల తర్వాత ఒక శనివారం మందపాటి కవరు వచ్చింది. లోపల క్యాలెండరు అట్ట మీద చుక్కలు. ఆ అమ్మాయే పొడిచింది, తెలుగులో. నూలుకు పెట్టే గంజి ఎలా కాచాలో వాళ్ళ అవ్వ చెప్పిందట. ఎంత బియ్యం, ఎంతసేపు, ఎప్పుడు దించాలి, అన్నీ అవ్వ మాటల్లోనే. చివర ఇలా ఉంది: "మా ఇంట్లో తెలుగు రాసేది నేను ఒక్కదాన్నే మిస్. అవ్వ రోజూ ఒకటి చెప్తా ఉండాది. ఇంకా పలకలు కావల్ల, నా జతగాళ్ళు కొట్లాడతా ఉండారు."

రెండు అక్షరాలు తప్పు పోయాయి. అవి దిద్ది, నాలుగు పలకలతో కలిపి సోమవారమే పంపించాను.