కరణానికి చూపించిన తుపాకీ రిజిస్టరు

1935 జనవరిలో నేను కడప జిల్లాలో ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. తాలూకా పేరు రాయను. ఈ కథలోని మనుషుల పిల్లలు ఇంకా ఆ ఊళ్ళలోనే ఉన్నారు. నా బల్ల మీద ఉండే పనుల్లో తుపాకీ లైసెన్సులు ఒకటి. మంజూరు చేసేది పై కచేరీ. దరఖాస్తు మీద విచారణ జరిపించడం, ఏటేటా గడువు పొడిగించే రెన్యూవల్ కాగితాలు పైకి పంపడం, తాలూకాలో ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో రిజిస్టరులో ఎక్కించడం మా వంతు.

ఆ రిజిస్టరులో పేరు, ఊరు, తుపాకీ రకం, దేనికోసం ఇచ్చారు, గడువు ఎప్పటిదాకా అన్న గళ్ళుండేవి. చివరిది రిమార్కుల గడి. గడువు దాటినా రెన్యూవల్ కాకపోతే తుపాకీని పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయాలి, అంటే అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ సంగతి రిమార్కుల్లో రాసేవాణ్ణి. అట్ట మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని ఎర్రసిరాతో ఉండేది. బయటివాళ్ళకు చూపించరాదని దాని అర్థం.

లైసెన్సులున్నవాళ్ళలో చాలామంది పెద్దరైతులు. మార్కు ఒక్కడే వేరు. మిషన్ చర్చికి పోయే చిన్న రైతు. కొండవార చేనుకు అడవిపందుల బాధ ఎక్కువని, మిషన్ నడిపే దొరగారి సిఫారసు మీద, గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ చేనులో మంచి బావి ఉంది. పక్క పొలం ఓబుళరెడ్డిది. రెడ్డికి ఆ బావి మీద కన్ను. రెండు సార్లు మనుషులను పంపి మార్కును చేనులోంచి తరమబోయాడు. రెండు సార్లూ మార్కు తుపాకీ పట్టుకుని గట్టుమీద నిలబడితే వెనక్కి పోయారు. కాల్చే అవసరం రాలేదు.

ఆ చలికాలం మార్కుకు జ్వరం పట్టి రెన్యూవల్ దరఖాస్తు ఆలస్యమైంది. గడువు దాటాక వచ్చి, తువ్వాలు చేతిలో పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. మనిషి ఇంకా తేరుకోలేదు.

“తుపాకీ స్టేషన్లో ఇచ్చేసినా సామీ. గొంగడిలో సుట్టుకొని అడ్డదోవన పోయినా, ఎవరికంటా పడకుండా. ఇంట్లో కర్ర ఒగటి గోనెపట్టాలో సుట్టి వాసానికి కట్టినా. సూసినోళ్ళు తుపాకీ ఆడనే ఉండాదనుకుంటారు.”

“మీ ఊరి మునసబు రిపోర్టు రావాల. నెల పడుతుందప్పా” అన్నాను.

“ఈ పుస్తకం ఎవరన్నా సూస్తారా సామీ?”

“ఎవరూ చూడరు. సర్కారు పుస్తకం ఇది.”

దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అదే వారం ఆ ఊరి కరణం వచ్చాడు. గ్రామంలో భూముల లెక్కలు రాసే ఉద్యోగి. నేను ఆ తాలూకాకు కొత్తగా వచ్చినప్పుడు బాడుగ ఇల్లు వెతికిపెట్టినవాడు. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వచ్చి పలకరించేవాడు. ఆ మొహమాటం నాకుంది.

“ఏమప్పా, మార్కు మీద మునసబు రిపోర్టు రాయాలంట. ఆయనకు వివరాలు తెలీవు. మా ఊరి పేజీ ఒగ తూరి సూపీ, రాసుకొని పోతా” అన్నాడు.

మునసబుకు కావలసిన వివరాలన్నీ మేము పంపిన కాగితంలోనే ఉన్నాయి. అది నాకు తెలుసు. అయినా బీరువా తెరిచి రిజిస్టరు ఆయన ముందు పెట్టి, నా పని నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఒకసారి తలెత్తి చూస్తే ఆయన వేలు చివరి గడి మీద ఉంది. ఏమీ రాసుకోలేదు. పుస్తకం మూసి, పోయొస్తానని చెప్పి వెళ్ళాడు.

పది రోజులకు మార్కును చంపారు. పట్టపగలు, కళ్ళంలో జొన్న కంకులు నూరుస్తుంటే. రెడ్డి మనుషులు ఆరుగురు కట్టెలూ గొడ్డళ్ళూ పట్టుకుని వచ్చారు. జొన్న వామికి నిప్పు పెట్టారు. అడ్డంపోయిన భార్య రూతమ్మకు ఎడమచెయ్యి విరిగింది.

సబిన్‌స్పెక్టరు కచేరీకి వచ్చి అడిగాడు, ఈ మధ్య రిజిస్టరు ఎవరైనా చూశారా అని. రాసి ఇవ్వమన్నాడు. హెడ్ గుమాస్తా నన్ను వరండాలోకి పిలిచాడు.

“సూపించినానంటే నీ ఉద్యోగం ఉండదు. పెండ్లాం బిడ్డలుండారు నీకు. కరణం సూసినందుకే సంపినారని ఎవరు రుజువు సేస్తారు? ఎవరూ సూడలేదని రాసీ.”

రాసిచ్చాను. అక్షరాలు వంకర కూడా పోలేదు.

ఆ తర్వాతి సోమవారం రూతమ్మ వచ్చింది. చేతికి వెదురుబద్దల కట్టు. నేరుగా తాసిల్దారు గారి ముందుకు వెళ్ళి అడిగింది. “మా ఆయప్ప తుపాకీ ఇంట్లో లేదని నాకూ ఆయప్పకూ తప్ప ఊర్లో ఎవరికీ తెలీదయ్యా. స్టేషన్లో తెలుసు, ఈడ తెలుసు. ఈడ ఆ పుస్తకం ఎవరు సూసినారో నాకు సెప్పండి.”

అది సర్కారు రికార్డనీ, బయటివాళ్ళకు చూపించేది కాదనీ ఆయన అన్నాడు.

“నాకు సదువొస్తాదయ్యా. మిషన్ బడిలో సదివినా. మా ఆయప్ప పేరుండే పేజీ ఒగటి సూపిస్తే సాలు.”

బంట్రోతు ఆమెను బయటికి పంపాడు. మరో పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపేశారు. రెండు సార్లూ నేను ఆ గదిలోనే ఉన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె తాసిల్దారు దగ్గరికి పోలేదు. నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“వాళ్ళు పరిగెత్తి రాలేదు సామీ. నడుసుకుంటా వచ్చినారు, సంతకు పోయేటట్ల. మునుపు రెండు తూర్లు ఆ మనుషులే దూరంలోనే నిలబడిపోయినారు. ఈ తూరి వాళ్ళకు బయం లేదు. ఎవరు సెప్పినారు వాళ్ళకు?”

లేచి వరండాలోకి నడిచాను. ఆమె వెనకే వచ్చింది.

“కరణం చూసినాడమ్మా. నేనే చూపించినాను.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

“ఈ మాట కోర్టులో సెప్తారా?”

“చెప్తాను” అన్నాను.

చెప్పాను కూడా. రెడ్డి పురమాయించాడనీ, కరణం సమాచారం మోశాడనీ రుజువు కావాలంటే నా సాక్ష్యమే ఆధారం. రిజిస్టరు ఏ రోజు చూపించానో, ఆయన వేలు ఏ గడి మీద ఉందో అంతా చెప్పాను. ముద్దాయిల తరఫు వకీలు నేను సబిన్‌స్పెక్టరుకు రాసిచ్చిన కాగితం తీసి నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. చదివాను. ‘రిజిస్టరు ఎవరూ చూడలేదు.’

“అది అబద్ధమా, ఇది అబద్ధమా?”

“అది.”

“అప్పుడు ఉద్యోగం కోసం అబద్ధం రాసినవాడు ఇప్పుడు ఇంకెవరి కోసమో చెప్పడని మేము ఎట్లా నమ్మేది?”

కాగితం తిరిగి ఆయన చేతికిచ్చాను. కొట్టిన ఆరుగురిలో ఇద్దరికి యావజ్జీవం పడింది. మిగతా నలుగురిని గుర్తుపట్టడంలో అనుమానముందని వదిలేశారు. సాక్ష్యం చాలదని రెడ్డినీ కరణాన్నీ వదిలేశారు. కరణం ఆ సాయంత్రమే బస్సులో ఊరికి పోయాడు.

కోర్టు మెట్ల దగ్గర రూతమ్మ నాతో ఒక్క మాట అంది. “మొదటి దినమే సెప్పింటే బాగుండు సామీ.” గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

నన్ను సస్పెండ్ చేశారు, అంటే విచారణ తేలేదాకా పనిలోంచి తప్పించారు. తర్వాత కర్నూలు జిల్లాకు, డోన్ వైపు ఒక కచేరీకి మార్చారు. రూతమ్మ ఆ చేను నిలబెట్టుకోలేక, ఎర్రగుంట్ల దగ్గర రాతి గనుల్లో పనికి పోతున్న అక్క ఇంటికి చేరిందని విన్నాను. మరుసటి వానలకు ఆ బావి నీళ్ళు రెడ్డి పొలానికి పారాయి. మార్కు రెన్యూవల్ కాగితం పై కచేరీ నుంచి మంజూరై వచ్చింది. వచ్చేసరికి ఆయన పోయి నెలన్నర.

ఈ సంగతి విన్న కుర్ర ఉద్యోగులు నన్ను అడుగుతుంటారు, ఆ రిజిస్టరు అందరికీ తెరిచి ఉంచితే మంచిదా, మూసి ఉంచితే మంచిదా అని. కచేరీ గోడకు అంటిస్తే మార్కు దగ్గర తుపాకీ లేదని తాలూకా అంతా చదివేది. మూసిపెడితే ఏమైందో చూశాను. మూత రూతమ్మకే ఉండింది, కరణానికి లేదు. తుపాకీ ఎవరి దగ్గర ఉందో ఊరికి తెలియడం న్యాయమనే అనుకుంటాను, దాని ముందు బతకవలసింది ఊరే కాబట్టి. ఎవరి దగ్గర లేకుండా పోయిందో చెప్పడం మాత్రం వేరే సంగతి. అది ఒక మనిషి ప్రాణం.

కొత్త కచేరీలో రిజిస్టరు మొదటి పేజీకి ఒక కాగితం అంటించాను. ఎవరు చూసినా పేరు, తేదీ, ఎందుకు చూశారో రాసి సంతకం పెట్టాలి. ఒక తాసిల్దారు ఇదేం కొత్త చట్టమని చింపేశాడు. ఆయన బదిలీ అయ్యాక మళ్ళీ అంటించాను. ఆ పుస్తకంలో పేరున్న మనిషికి, ఆ మనిషి పోతే ఇంటివాళ్ళకు, దాన్ని ఎవరు చూశారని అడిగే హక్కు ఉండాలి. రూతమ్మ అడిగింది అంతే. ఆమె చేత దాన్ని మూడుసార్లు అడిగించుకున్నాను.