ఎర్ర పీలిక కట్టిన కోడిపిల్ల

నా భార్య హన్నమ్మ మనతో మాట్లాడుతూనే ఆకాశం వైపు చూసేది. కొత్తవాళ్ళకు అది మర్యాద లేనితనంగా తోచేది. ఒకసారి మా హెడ్మాస్టరు ఇంటికొచ్చి కూర్చుని, "ఏందమ్మా, మా మాటలు నచ్చకుంటే చెప్పు, లేచిపోతాం" అని నవ్వాడు.

"మీ మాటలు కాదు సార్, ఆ గద్ద తిరగడం నచ్చలా" అంది. అప్పటికే ఆమె చేతిలో మట్టిగడ్డ ఉంది.

ఆళ్ళగడ్డలో వక్కిలేరు వైపు పోయే వీధి చివర మా ఇల్లు. నేను ఎలిమెంటరీ బడిలో అయ్యవారిని. వీధి మొదట్లో శిల్పులు రాయి చెక్కే చప్పుడు పొద్దంతా వినిపించేది. ఆ చప్పుడు మధ్య కూడా తల్లికోడి గొంతులో తేడా ఆమెకు తెలిసేది. గింజ దొరికితే పిల్లల్ని పిలిచే కూత వేరు. పైన నీడ కదిలితే గొంతు బిగబట్టి తీసే కూత వేరు. ఆ రెండోది వినిపిస్తే పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా పెరట్లోకి ఉరికేది. మా ఇంట్లో కూర మాడిన వాసన వచ్చిందంటే పైన గద్ద ఉందని వీధిలో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

పెరటి మూలన తుమ్మకంప పరిచి, అడుగున పిల్లలు దూరేంత సందులు వదిలింది. కంపలోకి గద్ద దిగదు. చచ్చిన కాకి ఎక్కడైనా కనిపిస్తే తెచ్చి గడకు వేలాడదీసేది. గద్ద గోళ్ళు దిగిన పిల్లలు ఇంట్లోకి వచ్చేవి. గాయం ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు, వేపనూనె కలిపి పూసి, చర్మం తెగి ఉంటే దుస్తులు కుట్టే సూదితోనే రెండు కుట్లు వేసేది. కాలు విరిగితే చీపురుపుల్ల ముక్కలు రెండు వైపులా పెట్టి దారం చుట్టేది. ఆ రాత్రికి బతికితే తెల్లవారి కొర్రన్నం మెత్తగా పిసికి వేలితో నోట్లో పెట్టేది. సగం చచ్చేవి. చచ్చినదాన్ని కుక్కలకు వేయనిచ్చేది కాదు.

ఇదంతా కోళ్ళ మీద ప్రేమ అనుకునేవారు అందరూ. ప్రేమ ఉండింది, కాదనను. దాని వెనక మరొకటి ఉండింది.

డెబ్బై ఒకటి నవంబరులో మాకు కొడుకు పుట్టాడు. వెంటనే బాప్తిస్మం ఇప్పిద్దామన్నాను నేను. ఫిబ్రవరిలో కోతల పండుగ వస్తుంది, పాణ్యం నుంచి తనవాళ్ళంతా వస్తారు, అందరి ముందర చేద్దామంది. జనవరిలో బిడ్డకు జ్వరం వచ్చింది. మూడు రోజులే. పేరు పెట్టని బిడ్డను పాతిపెట్టి వచ్చాం.

"దేవునికి ఇయ్యాల్సింది ఇయ్యకుండా ఆపితి. ఆయనే తీసుకున్నాడు" అంది ఆమె. ఆ మాట ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మాకు ఇంకో బిడ్డ కలగలేదు.

ఆ ఏడాదే కోళ్ళు పెంచడం మొదలుపెట్టింది. మా సంఘంలో పండిన దాంట్లో పదో భాగం దేవునికి ఇచ్చే అలవాటు ఉంది. ఆమె దాన్ని కోడిపిల్లలకు కూడా పెట్టింది. పొదిగిన పిల్లల్ని గంపలోంచి ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టేది. పదోది దేవునిది. ఎనిమిదే పుడితే, ఆ లెక్క ఇంకో కోడి పిల్లల దాకా సాగేది. కోతల పండుగనాడు కొత్త జొన్న వెన్నులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ఆ రోజుకు పదో పిల్ల కోడిగా ఎదిగి తన చేతుల మీదుగా ఆడికి పోవాలి. ఆమె కోరిందంతా అదే.

గుర్తు కోసం ఆ పిల్ల కాలికి ఎర్ర పీలిక కట్టేది. పీలిక కూడా మామూలుది కాదు. గుడిలో బల్ల మీద పరిచే ఎర్రగుడ్డ పాతబడితే పాస్టరుగారి భార్య ఆమెకు ఇచ్చింది. దాన్ని మడిచి పెట్టెలో దాచి, అవసరమైనప్పుడు వేలెడు చించేది.

ఆ ఏడు దేవుని పిల్లను గద్ద తన్నుకుపోయింది. మరుసటేడు కూడా. ఒకేడు తెగులొచ్చి పోయింది, మళ్ళీ గద్ద. పిల్లలు పది, పన్నెండు తిరుగుతుంటే, గద్ద దిగి లేస్తే, పోయింది పీలిక కట్టినదే. పండుగనాడు ఆమె తన పిల్లల్లో ఒకదాన్ని తీసుకుపోయి ఇచ్చేది. ఇచ్చి వచ్చి గడపలో కూర్చుని, "ఇది బదులుకు ఇచ్చింది సారూ, ఇచ్చింది కాదు" అనేది. నన్ను ఆమె పెళ్ళయిన కొత్తలో ఎగతాళికి సారూ అని పిలిచి, తర్వాత అదే పిలుపుగా ఉంచేసింది.

ఎనభై మూడులో ఏం జరిగిందంటే, ఒకనాటి పొద్దున గద్ద దిగి దేవుని పిల్లను పట్టి లేచింది. హన్నమ్మ విసిరిన మట్టిగడ్డ దాని రొమ్ముకు తగిలింది. పిల్లను వదిలేసింది. గోడ అవతల పడిన పిల్లను ఆమె కొంగులో తెచ్చింది. కుడి రెక్క మొదట్లో ఎముక కనిపిస్తోంది.

పదిహేను రోజులు ఆ పిల్ల ఆమె ఒళ్ళోనే ఉంది. దానికి రెక్క కట్టి, పొయ్యి పక్కన బుట్టలో పడుకోబెట్టి, నూకలు నానబెట్టి పెట్టింది. "ఈసారి దక్కిచ్చుకుంటా" అంటూ ఉండేది.

ఆ రోజుల్లోనే బయ్యన్న వచ్చాడు. నల్లమల మనిషి, ఏడాదికి రెండుసార్లు తేనె తెచ్చేవాడు. అప్పుడు హన్నమ్మ చర్చిలో స్త్రీల కూడికకు పోయి ఉంది. బుట్టలో పిల్లను చూసి అడిగితే నేను కథంతా చెప్పాను. అతను పీలికను వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"అయ్యోరా, ఇది ఎవరు కట్టినారు?"

"మా ఇంటామె. దేవుని పిల్లకు గుర్తు."

"దేవునికి గుర్తో లేదో, గద్దకు మాత్రం బలే గుర్తు పెట్టినారప్పా. గువ్వలన్నీ ఒక తీరుగా ఎగురుతాంటే డేగకు ఏది పట్టల్నో తెలియదు. అండ్ల ఒకటి తెల్లది ఉంటే దాని ఎంబడే పడుతుంది. మీరు గుర్తు కట్టలా, గద్దకు ఎర చూపిస్తాండారు."

తేనె కొలిచి పోసి వెళ్ళిపోయాడు.

ఆమెకు చెప్పలేదు. చెప్పడమంటే, పదకొండేండ్లు నీ చేతులతో నువ్వే గద్దకు చూపించావని చెప్పడం. అది ఒక కారణం. బడిలో పక్షుల పాఠం చెప్పే నాకు అడవి మనిషి చెప్పేదాకా అది కనపడలేదన్న సిగ్గు రెండో కారణం. రెండోదే పెద్దదేమో. "ఈసారి నుంచి పీలిక వద్దులే, గుర్తుకు గోరు కత్తిరిద్దాం" అని మాత్రం అన్నాను.

"ఏందీ, దేవుని దగ్గర గూడా చాటుగా బేరమా?" అంది.

పిల్ల బతికింది, పెరిగింది. కానీ కుడి రెక్క వేలాడిపోయింది. నడుస్తుంటే నేల మీద ఈడ్చుకునేది. పండుగ ముందు రోజు సాయంత్రం హన్నమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ రెక్కను లేపి వదిలింది, లేపి వదిలింది.

"రేపు తీసుకపోదాం. బతికిచ్చినావు గదా" అన్నాను.

"వంకరదాన్ని ఎట్ల ఇస్తా? సరిలేని జీవాన్ని ఇయ్యకూడదు."

"దాన్ని చూసి ఎవరు నవ్వుతారులే?"

"మనుషులు నవ్వితే నవ్వనీ. ఆయన ముందర నాకు సిగ్గు." దాని మెడ మీద ముఖం పెట్టి ఏడ్చింది. "పానం పోసి గూడా నాకే వదిలేసినాడు సారూ. ఆయన వద్దన్న ఈ చేత్తో ఎన్నిసార్లు ఇస్తా?"

నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరవలేదు.

మరునాడు వేరే కోడిని తీసుకుపోయింది. ఆ తర్వాత ఏ కోడినీ పొదగేయలేదు. ఉన్నవి ముసలివై ఒక్కొక్కటే పోయాయి. కంప ఎండిపోతే పొయ్యిలో పెట్టింది. అప్పటినుంచి మాట్లాడేటప్పుడు మన ముఖం వైపే చూసేది. అది నాకు అలవాటు కాలేదు.

ఎనభై ఐదు ఆగస్టులో కడుపులో గడ్డ ఉందని నంద్యాల ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషను చేసే స్థితి దాటిందన్నారు. ఒక మధ్యాహ్నం, పక్క మంచం వాళ్ళు భోజనాలకు పోయినప్పుడు, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒకటి అడుగుతా, నాకు ధైర్యం చెప్పాలని చెప్పొద్దు. నా చేతిది ఆయనకు ఎందుకు నచ్చలా?"

అప్పుడు చెప్పాను. బయ్యన్న అన్నదంతా, పీలిక సంగతి, తెల్ల గువ్వ సంగతి. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"అయితే కోడిపిల్లల్ని వద్దన్నది ఆయన కాదు."

"కాదు."

"బిడ్డను గూడా నా మింద కోపంతో తీసుకోలా."

"లేదు హన్నా. జ్వరమొచ్చి పోయినాడు. అంతే."

ఆమె ముఖంలో ఏదో వదులైంది. ఇరవై ఏళ్ళప్పటి హన్నమ్మ కాసేపు కనిపించింది. "పదమూడేండ్లు" అంది మెల్లగా. తర్వాత కళ్ళు తెరిచింది.

"బయ్యన్న ఎప్పుడు చెప్పినాడు?"

మొన్న కనపడి చెప్పాడని అనొచ్చు. ఆమె నిజం అడిగింది.

"రెండేండ్లయింది. పండగకు ముందర."

"పండగకు ముందరనా?"

"ఊ."

"నేను ఆ కోడిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాంటే నువ్వు పక్కనే ఉన్నావు గదా."

"ఉన్నా."

నా చెయ్యి వదిలేసింది. విసురుగా కాదు, మెల్లగా. గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం నేను గంజి పట్టిస్తే తాగింది. మరునాడు దిండు సరిచేయమంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున పోయింది.

సమాధి దగ్గర బంధువులు, చివరికి ఏమన్నా చెప్పిందా అని అడిగారు. మంచినీళ్ళు అడిగిందని చెప్పాను. అదీ నిజమే.