తప్పు అంతస్తులో దించే బాబాయ్

లిఫ్టు బాబాయ్‌కి ఒకే ఒక జబ్బు. ఏ అంతస్తులో ఇప్పుడేముందో చచ్చినా చెప్పడు. ఒకప్పుడు ఏముండేదో చెబుతాడు.

"రెండో అంతస్తు, గ్రామఫోను రికార్డులు!" అని కేకేసి తలుపు తీసేవాడు. ఆ కొట్టు మూతపడి పాతికేళ్ళు దాటింది. అక్కడున్నది పళ్ళ డాక్టరు. "మూడో అంతస్తు, విమానం టిక్కెట్లు!" అక్కడున్నది టైలరు. దవడ వాచి వచ్చినవాడు నోరు తెరిచి అడగలేక, రికార్డుల కొట్టు మనకెందుకని రెండో అంతస్తు వదిలేసి, బాబాయ్ ఆపైన ఎక్కడ తలుపు తీస్తే అక్కడ దిగిపోయేవాడు. అది పళ్ళ డాక్టరు అంతస్తు మాత్రం అయ్యేది కాదు.

ఐదో అంతస్తులో కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడకి ఈ జబ్బంటే ఒళ్ళుమంట. పన్నెండేళ్ళుగా అక్కడే ఉన్నా, ఆమె షాపు పేరు ఆయన నోట ఒక్కనాడూ రాలేదు. రోజూ పొద్దున్నే అదే కేక: "ఐదో అంతస్తు, టైపు ఇన్‌స్టిట్యూట్!"

"బాబాయ్, ఆ ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసి పదిహేనేళ్ళయింది. నేనింకా బతికే ఉన్నాను. నా షాపు పేరు చెబితే మీ సొమ్మేం పోయింది?"

"ఉన్నవాళ్ళకి బోర్డులున్నాయి కదమ్మా. పోయినవాళ్ళకి నేను తప్ప ఎవరున్నారు?"

ఇలాంటి మనిషితో వాదించడం కంటే మెట్లెక్కడం సుఖం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి వాదించేది.

లిఫ్టు నత్తకి అన్న. అది పైకి చేరేలోగా బిల్డింగు పుట్టుపూర్వోత్తరాలన్నీ వినాల్సిందే. ఎనిమిది అంతస్తులు. గుమ్మటం లేదు, కమాను లేదు, గోడల మీద ఒక్క పువ్వూ తీగా లేదు. తిన్నటి సిమెంటు గోడలు, ఈ చివర నుంచి ఆ చివరదాకా కిటికీలు, ఎండ లోపలికి రాకుండా వాటి మీద అడ్డపలకలు. కట్టిన కొత్తల్లో జనం "అగ్గిపెట్టెని నిలబెట్టార్రా" అని నవ్వారట. ఆ నవ్వినవాళ్ళే ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, ఒక్కసారి లిఫ్టెక్కించమని బతిమాలారట.

"దీన్ని గీసిన ఇంజనీరు నాతో ఏమన్నాడో తెలుసా? 'అలంకారం అబద్ధమోయ్, నీడ నిజం' అన్నాడు."

లెక్క చూస్తే, ఇంజనీరు ఆ మాట అనే నాటికి బాబాయ్ నిక్కర్లేసుకుని బడికి పోతూ ఉండాలి. అడిగితే, "పెద్దవాళ్ళు చిన్నపిల్లలకి చెప్పరా ఏమిటి?" అనేవాడు.

కట్టించిన ఆసామి పోయాక మనవలు బిల్డింగుని అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని కూల్చి అద్దాల షాపింగ్ మాల్ కడతామన్నారు. అద్దెకున్నవాళ్ళంతా కలిసి, ఇది చరిత్ర ఉన్న కట్టడం, కాపాడండి మహాప్రభో అని అర్జీ పెట్టారు. చూసి రమ్మని ఒక ఆఫీసర్ని పంపారు.

"బాబాయ్, ఈ ఒక్కరోజు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీకు పుణ్యముంటుంది" అంది కళ్ళజోళ్ళావిడ.

"అలాగేనమ్మా. నాకు మాత్రం తెలీదూ?"

ఆఫీసరు ఎక్కాక లిఫ్టు తలుపు మూసుకుంది. ఆవిడ గుండె చిక్కబట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. పైనుంచి బాబాయ్ కేక బిల్డింగంతా వినిపించింది: "రెండో అంతస్తు, గ్రామఫోను రికార్డులు!"

పదిరోజులకి రిపోర్టు వచ్చింది. 'ఈ భవనానికి గుమ్మటం లేదు, శిల్పం లేదు, వందేళ్ళు నిండలేదు. కావున చారిత్రకం కాదు. సిబ్బందికి మతిస్థిమితం లేదు.'

అంతా విని బాబాయ్, "వందేళ్ళు నిండాలంటే ముందు బతకనివ్వాలి కదమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయన ఏ అంతస్తునీ కేకెయ్యలేదు. లిఫ్టులో అంత నిశ్శబ్దం ఎవరూ భరించలేకపోయారు.

మూడు నెలల్లో అందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. నలభై ఏళ్ళ కొలువుకి బాబాయ్ చేతిలో ఒక గోడగడియారం పెట్టి పంపారు. అది నడవదు.

కళ్ళజోళ్ళావిడకి చాన్నాళ్ళు వెతికాక మార్కెట్టు వెనక సందులో ఇరుకు గది దొరికింది. పట్టపగలు లైటెయ్యాలి. పద్దెనిమిది రోజులు ఒక్క నరపురుగు రాలేదు. కంటి పరీక్ష అట్ట మీది అక్షరాలు తనే పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చదువుకుంటూ కూర్చునేది. పంతొమ్మిదో రోజున పాత గిరాకీ ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఈ అడ్రసు మీకెవరిచ్చారండీ?"

"లిఫ్టాయన."

వెనకే ఒక తల్లీ కూతురూ. వాళ్ళూ "లిఫ్టాయన" అన్నారు. బిల్డింగే లేకపోతే ఇంకెక్కడి లిఫ్టు? ఆవిడ షాపుకి తాళం వేసి బయల్దేరింది.

బిల్డింగున్న చోట చుట్టూ రేకులు కట్టారు. రేకుల వెనక పెద్ద గొయ్యి. ముందు ఫుట్‌పాత్ మీద ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బాబాయ్. ఆయన ఎదురుగా దారి తెలియక వచ్చినవాళ్ళు ఇద్దరు.

"ఏ అంతస్తండీ?"

"రెండు. పళ్ళ డాక్టరు."

"బస్టాండు వెనక, మందుల షాపు పైన. నేను పంపానని చెప్పండి. మీరో బాబూ? టైలరా? ఆయన షాపు మానేశారు. ఇంట్లో ఊరికే గోళ్ళు గిల్లుకుంటున్నారు. బట్టలు కుట్టరు గానీ, వెళ్ళి ఓసారి పలకరించండి, సంతోషిస్తారు."

ఆవిడ నోరెళ్ళబెట్టింది. "బాబాయ్! ఎవరెక్కడున్నారో మీకింత కచ్చితంగా తెలుసా? మరి లిఫ్టులో అన్నేళ్ళూ ఆ తప్పుడు కేకలేమిటి?"

బాబాయ్ గొంతు తగ్గించాడు. "పళ్ళ డాక్టరు దగ్గర జాతర. మీ దగ్గర ఈగలు. ఆయన మనుషుల్ని తిన్నగా ఆయన దగ్గరే దించేస్తే మీ బోర్డెవడు చూస్తాడమ్మా? ముసలాడికి మతి పోయిందని నన్ను తిట్టుకుంటూ దిగేవాళ్ళు. దిగితే ఎదురుగా కళ్ళజోళ్ళు."

వాచిన దవడ పట్టుకుని వచ్చి, కళ్ళజోడు కొనుక్కుని వెళ్ళినవాళ్ళంతా ఆవిడకి గుర్తొచ్చారు. అదంతా తన మాటకారితనం అనుకుంది ఇన్నాళ్ళూ. కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. "ముందు టీ తాగుదురు రండి" అని ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

సందు మొదట్లో బాబాయ్ ఆగిపోయాడు. "అమ్మా, మీ షాపు కుడివైపు కదా. బోర్డు మీద బాణం ఎడమకి చూపిస్తోందేమిటి?"

ఆవిడ చూసింది. నిజమే. ఊరందరి కళ్ళూ పరీక్షించే మనిషి, ఇరవై రోజులుగా ఆ బోర్డు కిందనుంచే నడుస్తోంది. బిల్డింగు వదిలాక మొదటిసారి పకపకా నవ్వేసింది.

"రేపే పెయింటర్ని పిలిపించి మార్పిస్తాను."

బాబాయ్ బాణం చూపించిన వైపు చూశాడు. అక్కడ మంగలి తన కుర్చీలో తనే కూర్చుని పేపరుతో విసురుకుంటున్నాడు.

"ఒక్క నెల ఆగండమ్మా. పాపం, ఆయనకీ బేరాల్లేనట్టున్నాయి."