మూలన దాచిన నొప్పి

స్వీటీ ఎడమ కాలి మీద బరువు వేయడం తగ్గించిందని హాలులో అందరికంటే ముందు కనిపెట్టింది సుజన. కనిపెట్టి ఆమె చేసిన పని, ఆ కాలికి తగ్గట్టు అడుగులు మార్చడం. అలా అని సుజన చెడ్డ మనిషేం కాదు. చెడ్డ మనిషైతే పిల్లలు ఆమెను అంతగా నమ్మేవారు కాదు, సంగతి ఇంత దూరం వచ్చేదీ కాదు.

ఫలక్‌నుమా స్టేషన్ వెనక, రేకుల కప్పు వేసిన పాత గోదాములో ముప్పై మంది ఆడపిల్లలు జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటారు. పల్టీలు నేర్పేది కోచ్ నగేష్. పల్టీకీ పల్టీకీ నడుమ ఏం చేయాలో నేర్పేది సుజన. యాభై ఆరేళ్ల మనిషి. పగలంతా రైల్వే ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రం ఈ హాలు.

ఫ్లోర్ అంటే పన్నెండు మీటర్ల చదరపు కార్పెట్టు, తొంభై సెకన్ల పాట. పిల్ల ఒక మూల నుంచి ఎదుటి మూలకు పరుగెత్తి గాలిలో పల్టీలు కొట్టాలి. మూలకు చేరాక ఊపిరి తీసుకోవాలి కదా, కానీ ఊరికే నిలబడి రొప్పితే మార్కులు పోతాయి. ఆ రొప్పు జడ్జీల కంటబడకుండా ఒక భంగిమలో దాచాలి. సుజన పనితనమంతా ఆ దాచడంలోనే ఉంది. ఆమె కట్టిన రొటీన్లలో, అంటే పల్టీలూ అడుగులూ పాటకు కూర్చిన వరసల్లో, పిల్లలు అలిసిపోయినట్టు ఎప్పుడూ కనబడరు. ఏదో ఆలోచించుకుంటూ ఆగినట్టు ఉంటారు.

ఈ పిచ్చి ఆమెకు చిన్నప్పుడే పట్టింది. తండ్రి ఆగయ్య రైల్వే షెడ్డులో ఫిట్టర్. పక్కింటివాళ్ల నలుపు తెలుపు టీవీలో ఎక్కడో పరాయిదేశపు పిల్ల పియానోకు ఫ్లోర్ చేస్తుంటే, పదమూడేళ్ల సుజన కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది. ఆ పిల్ల కొట్టిన పల్టీలు ఆమెకు ఒక్కటీ గుర్తులేవు. పరుగుకు ముందు గడ్డం ఎత్తి, భుజం మీదుగా జనం వంక చూసిన చూపు మాత్రం నిన్న చూసినట్టే ఉంటుంది. అప్పటి రొటీన్ చూస్తే ఆ పిల్ల ఎలాంటి పిల్లో తెలిసేది, ఇప్పటి రొటీన్ చూస్తే ఎంత ఎత్తు ఎగిరిందో తెలుస్తుంది, అంతే అని సుజన సణుగుతూ ఉంటుంది. అందులో నిజం లేకపోలేదు.

తర్వాత తనూ జిమ్నాస్టిక్స్ నేర్చుకుంది, పల్టీల్లో అంతంత మాత్రమే. కానీ రాష్ట్ర పోటీల్లో మూడో స్థానం వచ్చిన రోజు ఒక ముసలి జడ్జి పిలిచి, "నీ అడుగులు ఎవరు కట్టిండ్రమ్మా?" అని అడిగాడు. "నేనే కట్టుకున్న సార్" అంది. ఆ ఒక్క ప్రశ్న తలచుకుంటూ నలభై ఏళ్లు గడిపింది. మేడ మీద పావురాలను ఎగరేసేవాడు చెయ్యి తిప్పే తీరు, పతంగి దారం గుంజే మణికట్టు, పెళ్లి బరాత్‌లో మర్ఫా డప్పుల మోతకు ఊగే భుజాలు, ఏది చూసినా ఏ పిల్లకు సరిపోతుందా అని చూస్తుంది. స్వీటీ తల్లి బేబీ మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. కొత్తిమీర కట్టను నీళ్లలో ముంచి విదిలించే ఆమె విసురును సుజన తీసుకెళ్లి కూతురి రొటీన్ మొదట్లో పెట్టింది. బేబీ అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

స్వీటీకి పద్నాలుగేళ్లు. చెప్పింది చెప్పినట్టు పట్టేసే పిల్ల. ఇలాంటి పిల్ల నలభై ఏళ్లకు ఒక్కతే దొరికిందని సుజన లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెమే కళ్లకు అడ్డం పడింది.

ఆగస్టులో ఒకనాడు రెండో మూలలో స్వీటీ ఎడమ పాదం కాస్త ఆలస్యంగా లేచింది. సుజన పాట ఆపి, "ఆ కాలు అట్లనే వెనకకు వదిలెయ్. మెల్లగ ఈడ్చుకుంట రా. తల గూడ అటే తిప్పు" అంది. పిల్ల అలాగే చేసింది. ఎవరినో వదల్లేక వదిలి వస్తున్నట్టు, చూసేవాళ్ల గుండె పట్టేసింది. నగేష్ చప్పట్లు కొట్టాడు. వారం తిరక్కుండా మూడో మూలలో ఇంకో తడబాటు వచ్చింది. అక్కడ ఒంటికాలి మీద నిలబడే భంగిమ పెట్టింది. ఆ తర్వాత గిరికీలన్నీ కుడి కాలి మీదికి మార్చింది. మార్చిన ప్రతిసారీ రొటీన్ ఇంకా అందంగా తయారైంది. దర్జీ పొరపాటున పడిన చిరుగు మీద పువ్వు కుట్టినట్టు, కుట్టుకుంటూ పోయింది.

పోటీలకు పది రోజులుందనగా, ఆఫీసులో భోజనాల వేళ జూలై నాటి వీడియో, నిన్నటి వీడియో ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసుకుంది. మురిసిపోదామనే చూసింది. రెండోసారి చూశాక టిఫిన్ డబ్బా పక్కకు జరిపింది. నిన్నటి వీడియోలో, పల్టీలు పోను, పిల్ల ఎడమ పాదం పూర్తిగా నేలకు ఆనిన అడుగు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ రొటీన్ ఒంటికాలి పిల్లకు కట్టినట్టు ఉంది. కట్టింది తనే.

ఆ సాయంత్రం స్వీటీని పక్కకు కూర్చోబెట్టి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. పిల్ల కిక్కురుమనలేదు గానీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఎన్ని దినాలసంది?"

"ఏం లేదు మేడం. జర గుంజుతది, అంతే."

"ఎన్ని దినాలసంది అని అడుగుతున్న."

"బోనాల కాడికెల్లి" అంది స్వీటీ. వెంటనే ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మకు చెప్పకుండ్రి మేడం. చెప్తే బంద్ పెట్టిస్తది. మీరు పెట్టిన అడుగులతోటి నొప్పి అస్సలు కనిపిస్తలేదు కదా!"

ఆ మాట వినగానే సుజన చెయ్యి విడిపించుకుంది. లేచి నగేష్ దగ్గరకు వెళ్లింది.

"దవాఖానకు తీస్కపోదాం తమ్మీ. ఎముకలనే ఏదో ఉన్నది."

"తీస్కపోతే పట్టీ ఏసి మూడు నెలలు పండవెడతరు అక్కా" అన్నాడు నగేష్. "పది దినాలు ఓపిక పట్టు. గీ మీట్ల గెలిస్తే నేషనల్స్‌కు పోతది. రేపు నీ తీర్గనే స్పోర్ట్స్ కోటాల నౌకరీ. బేబక్క బతుకు మారుతది. పోరి చేస్త అంటున్నది, నీకేం ఫికర్?"

సుజన గట్టిగా కాదని ఉంటే నగేష్ వినేవాడే. ఆమె కాదనలేదు. బేబీ బతుకు మారుతుందనే ఆశ ఒక కారణం. రెండోది చెప్పుకోవడానికి సిగ్గుపడే కారణం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరితోనూ అనలేదు. ఆ రొటీన్‌ను పదిమంది చూడాలని ఆమెకు కోరిక పుట్టింది. ఇన్నేళ్లలో అంత మంచిది ఆమె చేతిలో ఇంకొకటి పుట్టలేదు. ఇకమీదట పుడుతుందన్న నమ్మకమూ లేదు. ఆ పది రోజులూ పిల్ల కాలికి తనే నూనె మర్దనా చేసింది, ప్రార్థన చేసింది. దవాఖానకు మాత్రం తీసుకుపోలేదు.

పోటీలు మూసీ అవతల పెద్ద ఇండోర్ హాలులో జరిగాయి. గ్యాలరీలో ముందు వరసలో బేబీ, పొద్దున బేరం మానుకుని, కొత్త చీరలో కూర్చుంది. పాట పెట్టే బల్ల దగ్గర సుజన నిలబడింది. మొదటి పల్టీలు చక్కగా పడ్డాయి. రెండో మూలలో స్వీటీ కాలు ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగి చూసినప్పుడు, ఒక జడ్జి రాయడం మాని తల ఎత్తింది. ఏ చూపు కోసం సుజన నలభై ఏళ్లు ఎదురుచూసిందో ఆ చూపు జడ్జి కళ్లలో ఉంది. సుజన దాన్ని చూడలేకపోయింది. స్వీటీ పై పెదవి మీద పట్టిన చెమట, బిగుసుకున్న దవడ చూస్తోంది. చివరి మూలకు చేరిన పిల్ల ఆఖరి పరుగుకు సిద్ధమవుతోంది. ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తయిన పల్టీ అదే.

సుజన చెయ్యి దానంతట అదే పోయి పాట ఆపేసింది.

"ఆపెయ్ స్వీటీ!" అని అరిచింది కూడా. కానీ పాట హఠాత్తుగా ఆగేసరికి మెషీన్ చెడిపోయిందనుకుని, పిల్లకు ధైర్యం చెప్పడానికి జనం తాళం వేస్తూ చప్పట్లు అందుకున్నారు. ఆ మోతలో అరుపు కలిసిపోయింది. స్వీటీకి పాట లోపలే నడుస్తోంది. గడ్డం ఎత్తి, జనం వంక ఒకసారి చూసి, పరుగు అందుకుంది. ఎగిరింది. దిగింది.

దిగీ దిగగానే ఎడమ కాలు కింద మడత పడింది. అయినా పిల్ల ఆ పడటాన్ని పడటంలా కనిపించనివ్వలేదు. నొప్పిని దాచడం ఒక్కటే కదా ఇన్ని రోజులుగా నేర్చుకున్నది. విరిగిన కాలిని ఒంటి కింద చుట్టుకుని, నడుము వంచి, తల వాల్చి, ఒక చెయ్యి ముందుకు చాపి అలాగే కదలకుండా ఉండిపోయింది. అదే ఆఖరి భంగిమ అనుకుని హాలు హాలంతా లేచి నిలబడింది.

బల్ల దాటుకుని కార్పెట్టు మీదికి సుజన ఒక్కతే పరుగెత్తింది. గ్యాలరీలో ముందు వరసలో బేబీ, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.