ఆరని షెడ్డు నేల

రెండు రోజుల నుంచి ముసురు. రాయికల్‌లో నా షెడ్డులో ఒక ట్రాక్టర్ గేర్‌బాక్స్ విప్పి పెట్టుకున్నాను. చేతులు తుడుచుకునే లోపే ఫోన్ రెండోసారి మోగింది. కోరుట్ల నుంచి చిన్నమ్మ. "మీ చిన్నాయన పోయిండు రా," అంది. విప్పింది విప్పినట్టే వదిలి బయలుదేరాను.

నాకీ పని నేర్పింది ఆయనే. బోల్టు రాకపోతే నేను సుత్తె ఎత్తేవాడిని. "దాన్ని బెదిరియ్యకు. నూనె పోసి ఆగు," అనేవాడు. తనకు మాత్రం ఆగడం చేతకాదు.

ట్రాక్టర్ల కింద వెల్లకిలా పడుకుని చేసే పని ఆయనది. కోరుట్లలో ఆయన షెడ్డు వెనక వరిపొలాలు. మట్టినేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. నడుము పట్టేసి లేవలేని రోజులు ఎక్కువయ్యాక డాక్టర్ తడినేల మీద పడుకోవద్దన్నాడు. పని మానే వీలు లేదు. నేలనే మార్చాలనుకున్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ నాడు బండ్లు రావని ఆ రోజే కాంక్రీటు పెట్టుకున్నాడు. మొరం మట్టి కొట్టి, కింది తడి పైకి రాకుండా మందపాటి నల్ల కవర్ పరిచాము. మేస్త్రీ కాంక్రీటు మాలు కలిపాడు. ఎదురుగా రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు నడుస్తోంది. అన్నం సగం ఉడికిందో లేదో, వాన దంచింది. ఒక ఆడమనిషి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, పొయ్యి ఆరిపోతున్నది. కప్పెతందుకు ఏమన్న ఉన్నదా?"

చిన్నాయన కవర్ కొస పట్టి గుంజాడు.

"పిచ్చి లేసిందా? ఇది తీస్తే నీ నేల జన్మల ఆరది," అన్నాడు మేస్త్రీ.

"దుకాన్లన్నీ బంద్ ఉన్నయి. ఇంకోటి యాడ తేవాలె? నువ్వు మాలు పొయ్యి. గట్టిపడితే గదీ పాయె."

రోడ్డు మీద అందరూ తిన్నారు. మేమూ తిన్నాము. కవర్ పొయ్యి సెగకు చిల్లులు పడింది.

ఆ తర్వాత ఆయనకు కుదురు లేదు. పొద్దున్నే షెడ్డు తీసి నేలకు అరచేయి ఆనించి చూసేవాడు. చేయి చల్లగా తగిలేది. "ఈ ఎండకాలం పగులగొట్టి మళ్ల పోద్దాం," అనేవాడు. ఎండాకాలం వస్తే దుక్కుల బండ్లు వరుస కట్టేవి. గోనెసంచి పరుచుకుని మళ్లీ కిందికి దూరేవాడు.

రాష్ట్రం వచ్చిన నాడు చిన్నమ్మ ఎత్తిపొడిచింది. "తెలంగాణ అచ్చింది గని నీ నేల ఆరకపాయె."

"అన్నమైతే ఉడికింది గదనే," అని నవ్వాడు, నడుము పట్టుకునే.

ఆ కవర్ ఇవ్వకపోతే బాగుండేదా అని ఒకసారి అడిగాను. పద్నాలుగు నంబర్ పానా అందించమన్నాడు.

దహనం అయ్యాక షెడ్డు తాళం తీశాను. ట్రాక్టర్ కింద గోనెసంచి పరిచినట్టే ఉంది. తీస్తే దాని కింద నేల మనిషి పొడవున నల్లగా తడిసి ఉంది. దహనానికి వచ్చిన మేస్త్రీ గడపలో నిలబడి చూశాడు.

ఆ ట్రాక్టర్ రైతు సాయంత్రం వచ్చి దాన్ని ఇంకో ట్రాక్టర్‌కు కట్టి లాక్కుపోయాడు. చీకటి పడకముందే మేస్త్రీ వెళ్లాడు. నేను ఆఖరి బస్సుకు రాయికల్ వచ్చాను.