పిన్ని గడిలో తీసిన కలుపు

నా చిన్నప్పుడు కొల్లేటి సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేశారు. ఏలూరు కాలేజీలో బోటనీ చెప్పే మా పిన్ని, ఆ ఖాళీ నేలలో ఎవరూ విత్తకుండా ఏ మొక్క ముందు మొలుస్తుందో, దాని వెనక ఏవి వస్తాయో చూడాలనుకుంది. అక్కడక్కడా నాలుగేసి పుల్లలు పాతి, నైలాన్ దారం కట్టి గడులు చేసుకుంది. నెలకోసారి వచ్చి ఒక్కో గడిలో మొక్కలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేది. ఆవిడ పీహెచ్‌డీ అంతా ఆ గడుల మీదే ఆధారపడి ఉందని అమ్మ అనేది.

ఆ వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లింది. నన్నొక గడి దగ్గర గొడుగిచ్చి కూర్చోబెట్టి, దూరంగా ఉన్న గడుల పుల్లలు ఊడిపోలేదు కదా చూసొస్తానని వెళ్లింది. మాది వరి పండించే ఇల్లు. తుంగ కనబడితే పీకకుండా దాటి వెళ్లడం మా ఇంటావంటా లేదు. పిన్ని గడి నిండా తుంగే. పాపం, కలుపు తీసేవాళ్లు లేరు కాబోలనుకుని మొత్తం పీకేశాను. మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను.

తర్వాత ఊసుపోక, ఆవిడ వదిలి వెళ్లిన నోటుబుక్కు తెరిచాను. ‘తుంగ’ అన్న మాట పక్కన నెలనెలా పెరుగుతూ వస్తున్న అంకెలున్నాయి. పిన్ని లెక్కపెడుతున్నది దాన్నే.

పిన్ని వచ్చేలోగా సర్దేయాలి. పీకినవన్నీ ఆ బురదలోనే మళ్లీ గుచ్చాను. నాకు తెలిసిన నాటు వరినాటే కదా, తాడు పట్టినట్టు తిన్నగా వరసలు తీశాను.

పిన్ని వచ్చి గడి మీదికి వంగి చూసింది.

“ఇవి వరసల్లో ఎప్పుడు మొలిచాయమ్మా?” అంది మెల్లగా.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. పర్వాలేదని ఆవిడ అనలేదు. ఆ గడి పాడైపోయినట్టేనంది. మొహం వాడిపోయింది. నోటుబుక్కు తెరిచి పెన్ను నా చేతికిచ్చింది.

“ఏం చేశావో నువ్వే రాయి. తెలియక నేను వీటినీ లెక్కేసుంటే మిగతా గడులకీ విలువుండేది కాదు.”

పై నెల రానని మొండికేశాను. పిన్ని బతిమాలి తీసుకెళ్లి, ఈసారి ఇంకో మంచి గడి దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టి వెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేదాకా చేతులు ఒళ్లోంచి తీయలేదు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో నర్సుగా చేస్తున్నాను. పొరపాటు జరిగితే ఈ వయసులోనూ భయమే, ముందు సర్దేయాలనే అనిపిస్తుంది. అయినా వెళ్లి డాక్టరుకి చెప్పేస్తాను. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు ఏదైనా పాడుచేసి నా దగ్గరికొస్తే, జరిగింది వాళ్లచేతే రాయిస్తాను. మర్నాడు ఆ పని మళ్లీ వాళ్లకే అప్పగిస్తాను.